టాల్‌స్టాయ్, చెహోవ్: కళకు నీతి బాధ్యత ఎంతవరకు?

కళ మనిషిని మంచివైపు నడిపించాలా, జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపితే చాలునా అన్న ప్రశ్నకు ఇద్దరు రష్యన్ రచయితలు వేర్వేరు జవాబులు చెప్పారు. 1898లో వెలువడిన ‘కళ అంటే ఏమిటి?’ గ్రంథంలో టాల్‌స్టాయ్, తాను అనుభవించిన భావాన్ని ఇతరుల్లోనూ కలిగించడమే కళ అనీ, ఆ భావం మనుషులను సోదరుల్లా కలిపినప్పుడే అది మంచి కళ అవుతుందనీ వాదించాడు. ఈ కొలతకు జర్మన్ సంగీతకర్త బీథోవెన్ ప్రసిద్ధ వాద్యసంగీత రచన తొమ్మిదవ సింఫనీ సైతం నిలవలేదు. తన రచనల్లోనూ రెండు కథలను తప్ప మిగిలినవాటిని ఆయన చెడు కళ కిందనే జమకట్టాడు. సొంత నవలలనే కాదనుకోగలిగిన ఆ నిజాయితీకి తలవంచక తప్పదు.

అంతకు పదేళ్ల ముందు, 1888లో, చెహోవ్ తన ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన లేఖలో సమస్యను పరిష్కరించడం వేరనీ, దాన్ని సరిగ్గా మన ముందుంచడం వేరనీ, కళాకారుడి బాధ్యత రెండవదేననీ అన్నాడు. అందుకు ఆయన చూపిన ఉదాహరణల్లో టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరేనినా’యే ఒకటి.

నాకు చెహోవ్ మాటే సబబుగా తోస్తుంది. ఆ నవలలో, ప్రేమించినవాడి కోసం భర్తనూ కొడుకునూ విడిచి వెళ్లిన అన్నా, కొడుకు పుట్టినరోజున భర్త ఇంటికి చాటుగా వెళ్లి, ముందురోజు ఎంతో ప్రేమతో ఏరి తెచ్చిన బొమ్మలను బయటికి తీసే వ్యవధి కూడా లేక, వాటిని అలాగే వెనక్కి తెచ్చుకుంటుంది. ఆమెది తప్పో ఒప్పో రచయిత అక్కడ చెప్పడు. కానీ విప్పని ఆ బొమ్మల గురించి చదివిన పాఠకుడు ఆమెపై తీర్పు చెప్పడానికి తొందరపడలేడు. టాల్‌స్టాయ్ సిద్ధాంతం కోరిన సానుభూతి ఇదే కదా! అయితే, కొద్దిమంది ఆనందించే కళ కోసం ఎందరో శ్రామికులు ఎందుకు నలిగిపోవాలని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చెహోవ్ విభజనతో తీరేది కాదు.