సికింద్రాబాద్ అల్లికల కూడిక: ఒకే బల్ల ఉన్నంతకాలం

సికింద్రాబాద్ వైపు మేం కొందరం ఆదివారాలు ఒకచోట చేరి అల్లుకుంటాం. కొన్నేళ్ళుగా వెళ్తున్నాను. ఎక్కడ, ఎంత కట్టాలి, ఎలా చేరాలి అన్నవి వాళ్ళ గ్రూపులోనే దొరుకుతాయి. ఏ నంబరు సూది కొనాలి, ఊలు ఎక్కడ చవక అన్నవి కోఠీ, బేగంబజార్ ఓసారి తిరిగితే తెలుస్తాయి. కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక బల్ల గురించి.

మొదట్లో రెండు సూదులవాళ్ళూ, ఒకే హుక్కుతో అల్లే క్రోషావాళ్ళూ అందరూ ఒకే పొడవాటి బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు. ఆ కూడికలో నాకు నచ్చినదంతా అక్కడే ఉంది. సైనిక్‌పురి, తిరుమలగిరి నుంచి వచ్చే రిటైర్డ్ ఆర్మీ కుటుంబాల ఆంటీలు ఓ పక్క. డెహ్రాడూన్‌లోనో పఠాన్‌కోట్‌లోనో పోస్టింగులున్నప్పుడు చలికాలం ఎండలో కూర్చుని నేర్చుకున్న అల్లిక వాళ్ళది. మాటల్లో పడ్డా చేతులాగవు, సూదివైపు చూడను కూడా చూడరు. ఇంకో పక్క పిల్లల దగ్గర ఉండటానికి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లినవాళ్ళు. మిషనరీలు నేర్పిన ఆ పనికి 2024లో జీఐ (ఫలానా ప్రాంతానిదనే భౌగోళిక) గుర్తింపు వచ్చిందని మనం పేపర్లో చదివి సంతోషించాం. వాళ్ళు మాత్రం గుమ్మంలో కూర్చుని, వాడిన దారం లెక్కన కూలికి అల్లినవాళ్ళు. హైదరాబాద్‌లో హాలు అద్దె కట్టి మరీ ఆ పని చేసుకుంటున్నామని వాళ్ళకి మొన్నమొన్నటిదాకా నవ్వే.

ఆ బల్ల విలువ నాకు తెలిసొచ్చింది శాలువా ఊడిన రోజున.

సన్నటి మెరీనో ఊలు, ఆకుల డిజైను, వరసకి రెండొందల పైచిలుకు కుట్లు. రెండు సూదుల్నీ కలిపే కేబులుకి మర తిప్పి బిగించే రకం సూదులు వాడుతున్నాను. ఆ మర అల్లుతూ ఉంటే దానంతట అదే వదులవుతుంది, చాలా సెట్లకి ఉన్న రోగమే. బల్ల మీదికి టీలు వచ్చిన టైముకి సూది విడిగా నా చేతిలోకి వచ్చేసింది. కేబులు వెనక్కి జారింది. దాని మీదున్న కుట్లలో ఓ యాభై దాకా గాల్లో తేలాయి. ఎదుటావిడ కప్పు అందుకోబోతే ఆవిడ మోచెయ్యి తగిలి శాలువా కదిలింది, ఇంకొన్ని పోయాయి.

సాదా అల్లికలో కుట్టు జారితే పెద్ద టెన్షన్ ఉండదు. నిచ్చెనలా దిగిన దారాన్ని హుక్కుతో మెట్టుమెట్టుగా పైకి లాక్కోవచ్చు. నా శాలువాలో ఉన్నలాంటి కన్నాల లేసు డిజైను అలా కాదు. దానిలో కన్నం కావాలంటే దారం చుట్టు వేస్తాం, ఆ పెరిగిన కుట్టుకి సరిపడా ఇంకోచోట రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తాం. అది ఊడితే ఏ దారం ఏ వరసదో కంటికి అంతుపట్టదు. ఊడినా అక్కడితో ఆగేలా ఒక వరస కుట్లలోంచి ముందే లైఫ్‌లైన్ అనే వేరే దారం ఎక్కించుకోండని వీడియోల్లో చెబుతారు. ఊడాక ఏం చెయ్యాలో చెప్పేదీ ఉందనుకోండి, కానీ అందులో కుట్లు వేలెడంత లావుంటాయి.

“ఆయ్, లాగకండమ్మా, ముందు చేతులు తీసెయ్యండందరూ” అంది పాలకొల్లు పిన్నిగారు. కప్పులు పక్కకి జరిపించి శాలువాని బల్ల మీద పరిపించింది. డెహ్రాడూన్ ఆంటీ కళ్ళజోడు మార్చుకుని వంగి చూసి, వెనకవైపు వరసలన్నీ సాదావే కదా అని హిందీలో అడిగారు. అవునన్నాను. అయితే కిందున్న ఒక సాదా వరస పట్టుకుని, దానిలో ప్రతి కుట్టు కుడికాలు (కుట్టుకి కనపడే రెండు గీతల్లో కుడివైపుది) కింద నుంచీ దారం పోనిస్తే, పైనున్నదంతా విప్పినా ఆ గీత దగ్గర ఆగిపోతుందన్నారు.

చెప్పడం తేలికే. ఆ సన్న ఊలులో కుడికాలిని పైకి లేపడం నా సూదితో కాలేదు, పోగు చీలిపోతోంది. పిన్నిగారు పర్సులోంచి తన స్టీలు హుక్కు తీసింది. పుల్లగడ్డి పోచంత సన్నం. ఆవిడ జన్మలో రెండు సూదులు పట్టుకోలేదు, సూదుల అల్లికకి ఓనమాల్లాంటి నిట్, పర్ల్ కుట్లంటే ఏమిటో తెలీదు. ఆంటీ గోరు పెట్టి “యే వాలా” అంటారు, పిన్నిగారు “ఇదాండీ?” అని హుక్కుతో కొద్దిగా ఎత్తుతుంది, ఆ సందులోంచి నేను ఎర్ర నూలుదారం ఎక్కించిన మొద్దు సూది పోనిస్తాను. ఆంటీకి తెలుగు రాదు, పిన్నిగారికి హిందీ రాదు. అయినా పని ఎక్కడా ఆగలేదు. ఆకు కొస దగ్గర ఆంటీ గోరు ముందుకెళ్ళిపోయింది కానీ హుక్కు కదల్లేదు. “ఇక్కడ రెండున్నాయండి, ఒకదాని మీదొకటి పడుకున్నాయి” అంది పిన్నిగారు. చూస్తే నిజమే. కింది వరసలో కలిపిన జంట అక్కడ వదులై పైకి తేలింది. డిజైను తెలిసిన నాకు కనపడనిది ఆవిడ వేలికి తగిలింది.

మెరీనో కావడం కూడా కలిసొచ్చింది. ఊలు పోగుకి కంటికి కనపడని పొలుసులుంటాయి, పక్కపోగుని పట్టుకుని ఉంటాయి. అదే పట్టుదారమో, నున్నటి మెర్సిరైజ్డ్ కాటనో అయితే మేం కప్పులు జరిపేలోపే ఇంకా చాలా వరసలు దిగిపోయేది. చివరికి లెక్కపెడితే ఒక కుట్టు తక్కువొచ్చింది. అది అంచు దగ్గర దొరికింది. పైనున్న వరసలు విప్పేసి, ఎర్రదారం వెంటే సూది ఎక్కించుకుని ఇంటికొచ్చాను. పోయింది ఏడెనిమిది వరసలు, అంతే. ఆ శాలువాని మా అత్తగారు కప్పుకుంటున్నారు, ఏ ఆకు దగ్గర ఊడిందో నాకే గుర్తు లేదు.

ఆ ఊపులో కనపడ్డవాళ్ళందరికీ ఈ కూడిక గురించి గొప్పగా చెప్పాను. ఆ మాటలు ఇప్పుడు కాస్త సవరించాలి.

ఆంటీ, పిన్నిగారు ఇద్దరి సొంత పనీ సాగేది కాదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ చిక్కుపడ్డ ఉండ తెచ్చి వాళ్ళ ముందు పెట్టేవాళ్ళు. పిన్నిగారి ట్రే క్లాత్ నెలల తరబడి అదే చుట్టు దగ్గర ఉండేది. ఆవిడేమీ అనలేదు. నాకే చూడబుద్ధి కాలేదు. ఆ మాటకొస్తే అక్కడ ఎవరి పనీ పెద్దగా సాగదు. కుట్లు లెక్కపెట్టాల్సిన డిజైను ఆ కబుర్లలో పెట్టుకుంటే గోవిందా. సాదా స్కార్ఫు లాంటిది తెచ్చుకోవాలి. ఇంకోటి, అక్కడికెళ్తే కొనే జబ్బు పట్టుకుంటుంది. ఎవరో ఒకరు అమెరికా నుంచి తెప్పించిన చేత్తో రంగు వేసిన ఊలు బల్ల మీద పెడతారు, ఇంటికెళ్ళే దారిలోనే మనం ఆర్డరు పెట్టేస్తాం. డిసెంబరులో రెండు వారాలు స్వెట్టరేసుకునే ఊరికి ఇంత ఊలు ఎందుకని మా ఆయన అడిగితే ఇప్పటికీ సమాధానం లేదు. ఒకసారి మాత్రం ఒకావిడ గొంగళ్ళు నేసే కురుమల దగ్గర్నుంచి డెక్కనీ గొర్రె నల్ల ఊలు తెచ్చింది. ఒంటికి గుచ్చుకుంటుంది, శాలువాకి పనికిరాదు కానీ, దాంతో క్రోషా చేసిన సంచి ఎంత బరువు వేసినా సాగలేదు. ఇంపోర్టెడ్ ఊలు కన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది.

అసలు కోపం వేరే. జనం పెరిగారు, కుర్చీలు చాల్లేదు, గోల ఎక్కువైంది. అందుకని నిర్వాహకులు మొదటి ఆదివారం సూదులకీ మూడో ఆదివారం క్రోషాకీ విడదీశారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమైంది, కాదనను. కానీ సూదుల రోజున ఎవరి సంచిలోనూ సన్న హుక్కు ఉండటం లేదు. ఈమధ్య ఒకమ్మాయి మేజోడు మడమ దగ్గర కుట్లు జారితే నలుగురం చూసి, విప్పెయ్యమ్మా, మళ్ళీ మొదలెట్టుకో అన్నాం. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. పిన్నిగారు ఉండి ఉంటే విప్పనిచ్చేది కాదు. క్రోషా రోజున కొన్నిసార్లు వెళ్ళాను. అక్కడ ఎవరూ వద్దనలేదు కానీ, రెండు సూదులు పట్టుకుని కూర్చుంటే పేరంటానికి పిలవకుండా వచ్చినట్టు ఉంటుంది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం పాత పద్ధతే. జూన్ రెండో శనివారం, బయట కూర్చుని అల్లే రోజని 2005 నుంచి చాలా దేశాల్లో జరుపుకుంటున్నారు. ఆ రోజు పార్కులో చాపలు పరుచుకుని అందరం కలుస్తాం. వానలు మొదలైతే తడుస్తాం, కాకపోతే ఒళ్ళో ఊలు పెట్టుకుని చెమటలు కక్కుతాం. అయినా నేను మానను.

మీరు వెళ్ళాలా వద్దా అంటే, అది మీ ఇల్లు ఎక్కడుందో, మీకెంత వీలుందో దాన్ని బట్టి ఉంటుంది. నాకు ఆటోలో కాసేపటి దూరం, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ. గచ్చిబౌలి నుంచి రావాలంటే నేనైతే రమ్మనను. ఓనమాల నుంచి నేర్చుకోవాలన్నా ఇది చోటు కాదు, ఎవరూ ఓపిగ్గా కూర్చుని మొదటి వరస వేయించరు. చేతిలో సగం అల్లిన పని ఉండి, అది ఎక్కడో తప్పితే మాత్రం వెళ్ళండి. సూదుల పనైనా సరే మూడో ఆదివారమే వెళ్ళండి. ఒక స్టీలు హుక్కు, వేరే రంగు నూలుదారం మీవే పట్టుకెళ్ళండి. పిన్నిగారి చేతిలో ఆవిడ పని ఉంటే, ఆ చుట్టు పూర్తయ్యేదాకా ఆగి అడగండి.