కాసాండ్రా 4.1 రివ్యూ: కంపాక్షన్ పేరుకుపోయిన రాత్రి తేలిన సంగతులు

గుణుపురంలో మా నాన్నకు చింతపండు టోకు కొట్టు ఉండేది. పగలంతా అమ్మకాలు, అప్పులు వచ్చిన వరసలోనే చిట్టాలో రాసేవారు. రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని ఒక్కొక్కరి పద్దును ఆవర్జాలోకి ఎక్కించేవారు. సంతల హడావుడిలో నాలుగు రాత్రులు ఆ పని ఆగిందంటే, ఐదో రోజు ఎవరైనా వచ్చి "నా బాకీ ఎంత బాబూ" అని అడిగితే నాలుగు రోజుల చిట్టా తిరగేయాల్సి వచ్చేది.

కాసాండ్రా అంటే డేటాను చాలా మెషీన్ల మీద పంచి దాచే డేటాబేస్. దాని గురించి కొత్తవాళ్లకు చెప్పాల్సి వస్తే నేను ఆ కొట్టు నుంచే మొదలుపెడతాను. వచ్చిన డేటాను కమిట్‌లాగ్ అనే చిట్టాలో రాసి, మెమరీలో ఉంచుకుని, అది నిండాక డిస్క్ మీద ఎస్ఎస్‌టేబుల్ అనే ఫైల్‌గా దించుతుంది. దించిన ఫైల్‌ను మళ్లీ దిద్దదు. అలాంటి ఫైళ్లను కలిపి, పాత విలువలు వదిలేసి, కొత్త ఫైల్ రాయడమే కంపాక్షన్. రాయడం అంత వేగంగా జరగడానికి కారణం ఈ పద్ధతే. ఆవర్జా పని, అంటే కంపాక్షన్, వెనకబడితే చదవడం కష్టమయ్యేది కూడా దీనివల్లే.

మా సంస్థ చిన్నది. కోల్డ్ స్టోరేజీల ఉష్ణోగ్రత రీడింగులు 90 రోజులు దాచిపెడతాం. ఆరు నోడ్లు (కాసాండ్రా నడిచే మెషీన్లు), రెప్లికేషన్ 3, అంటే ప్రతి డేటాకూ మూడు నోడ్లలో కాపీలు. నేను గుణుపురంలో ఇంటి నుంచే వాటిని చూసుకుంటాను. మొన్న వానల్లో ఒక ఆదివారం రాత్రి, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు, అలర్ట్ వచ్చింది. మూడో నోడ్‌లో డిస్క్ 78 శాతం నిండింది, రీడ్లు మందగించాయి. కాసాండ్రాతో వచ్చే కమాండ్ల పనిముట్టు నోడ్‌టూల్. దాంట్లో కంపాక్షన్‌స్టాట్స్ కొడితే, చేయాల్సి మిగిలిన కంపాక్షన్ పనులు (పెండింగ్) 2,300. మిగతా ఐదింటిలో ఎక్కడా 20 దాటలేదు.

పలాస నుంచి పనిచేసే మా జూనియర్ వెంటనే మెసేజ్ పెట్టాడు: "అక్కా, నోడ్‌టూల్ కంపాక్ట్ కొట్టేద్దామా? ఒకేసారి అన్నీ కలిసిపోతాయి కదా." వద్దన్నాను. మా టేబుల్ డిఫాల్ట్‌గా వచ్చే సైజ్-టియర్డ్ పద్ధతిలో ఉంది, అంటే ఇంచుమించు ఒకే సైజు ఫైళ్లను కలిపే పద్ధతి. ఆ పద్ధతిలో జూనియర్ అడిగిన కమాండ్ చేసే మేజర్ కంపాక్షన్ అన్నింటినీ కలిపి ఒక్క పెద్ద ఫైల్ చేస్తుంది. కొత్త ఫైల్ పూర్తయ్యేదాకా పాతవి చెరగవు కాబట్టి, దాదాపు ఉన్న డేటా అంత ఖాళీ కావాలి. మాకున్నది 22 శాతం. పైగా అంత పెద్ద ఫైల్‌కు జతగా అదే సైజు ఫైళ్లు తయారయ్యేదాకా అది మళ్లీ కంపాక్షన్‌లోకి రాదు. ఇంకో నోడ్ కలుపుదామని కూడా అడిగాడు. కలిపితే ఈ నోడ్ పంపాల్సిన డేటా భారం అదనం. క్యూ తగ్గాక ఆలోచిద్దామన్నాను.

ముందు అరగంట ఊరికే చూశాం. ఈ అరగంటను ఎవరూ వదులుకోకూడదు. పెండింగ్ సంఖ్య అంచనా మాత్రమే. పది నిమిషాలకోసారి చూస్తే అది పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. మాది పెరుగుతోంది. నోడ్‌టూల్ టేబుల్‌హిస్టోగ్రామ్స్‌లో 95వ పర్సంటైల్ దగ్గర (నూటికి 95 రీడ్లు ఈ లోపే ఉంటాయి) ఒక్కో రీడ్‌కు 29 ఎస్ఎస్‌టేబుళ్లు తిరగేయాల్సి వస్తోంది, మామూలుగా నాలుగు. అయినా డిస్క్ పని చూపించే ఐవోస్టాట్ చూస్తే డిస్క్ పావు వంతు కూడా బిజీగా లేదు, సీపీయూ కూడా ఖాళీ. యంత్రానికి ఓపిక ఉంది, పని మాత్రం ముందుకు సాగట్లేదు. అంటే ఎక్కడో కళ్లెం బిగించి ఉందన్నమాట.

కంపాక్షన్ వేగానికి పెట్టిన పరిమితి చూపే గెట్‌కంపాక్షన్‌త్రూపుట్ కొడితే 16 వచ్చింది, మిగతా నోడ్లలో 64. పాత 3.x కాలంలో డిఫాల్ట్ సెకనుకు 16 ఎంబీ, 4.0 నుంచి 64. మూడో నోడ్‌ను కొత్త మెషీన్ మీదకు మార్చినప్పుడు పాత యామల్ ఫైల్ (సెట్టింగులు ఉండే ఫైల్) తెచ్చి పెట్టాం. 4.1లో ఆ సెట్టింగ్ పేరు మారింది, కానీ పాత పేరును కూడా ఒప్పుకుంటుంది. అందుకే ఎర్రర్ రాలేదు, మేమూ గమనించలేదు. రీడింగులు తక్కువగా ఉన్న నెలల్లో 16 కూడా సరిపోయింది. సీజన్ రాగానే చాల్లేదు.

ఇక్కడ కాసాండ్రాకు మంచి మార్కులు ఇస్తాను. నోడ్ ఆపకుండానే సెట్‌కంపాక్షన్‌త్రూపుట్‌తో 64 చేశాం, రీడ్ లేటెన్సీ (చదవడానికి పట్టే సమయం) చూసుకుంటూ అర్ధరాత్రి దాటాక 128 చేశాం. కాంకరెంట్ కంపాక్టర్లను, అంటే ఒకేసారి నడిచే కంపాక్షన్లను, రెండు నుంచి నాలుగుకు పెంచాం. తెల్లారేసరికి పెండింగ్ 40 దగ్గరకు వచ్చింది. ఆ రాత్రంతా ఒక్క రైట్ కూడా పోలేదు. మూడు కాపీల్లో రెండు జవాబిస్తే చాలనే కోరమ్ రీడ్లకు మిగతా రెండు కాపీలు సరిపోయాయి కాబట్టి కస్టమర్ల నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు. నోడ్‌టూల్‌తో మార్చినవి రీస్టార్ట్ అయితే పోతాయి, అందుకని 64ను యామల్‌లో కూడా రాశాం.

డిస్క్ మాత్రం అనుకున్నంత తగ్గలేదు. లిస్ట్‌స్నాప్‌షాట్స్‌లో అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి బయటపడింది, 140 జీబీ. స్నాప్‌షాట్ అంటే హార్డ్ లింకులు, అంటే అదే ఫైల్‌కు పెట్టిన ఇంకో పేర్లు; కంపాక్షన్ పాత ఫైల్‌ను చెరిపినా లింక్ ఉన్నంతకాలం ఆ చోటు ఖాళీ కాదు. బ్యాకప్ వేరేచోట ఉందని నిర్ధారించుకున్నాకే తీసేశాం.

నాకు నచ్చనివి రెండు. కంపాక్షన్‌స్టాట్స్‌లో మిగిలిన సమయం అని కనిపించేది అప్పుడు నడుస్తున్న పనులకే. క్యూలో ఉన్నవాటికి వర్తించదు. మా జూనియర్ దాన్ని చూసి 'ఇంకో ఇరవై నిమిషాలే' అని ఊరటపడ్డాడు పాపం. రెండోది ఇంకా పెద్ద లోటు: నోడ్‌టూల్ ఒక్కో నోడ్‌తోనే మాట్లాడుతుంది. ఆరింటిలో ఒకదాని సెట్టింగ్ వేరుగా ఉందని చెప్పే కమాండ్ దాంట్లో లేదు. మేమే చిన్న స్క్రిప్ట్ రాసుకుని ప్రతి సోమవారం ఆరు యామల్ ఫైళ్లనూ పోల్చి చూస్తున్నాం.

క్యూ ఖాళీ అయ్యాక, అంతకుముందు కాదు, టేబుల్‌ను టైమ్ విండో పద్ధతికి మార్చాం, అంటే ఒకే కాలపు డేటాను ఒకే ఫైల్‌లో ఉంచే కంపాక్షన్ పద్ధతి. మూడు రోజుల విండో, 90 రోజుల టీటీఎల్ (డేటా దానంతటదే చెల్లిపోయే గడువు), అంటే సుమారు 30 విండోలు. గడువు తీరిన ఫైల్ మొత్తంగా ఒకేసారి పోతుంది, తిరగరాసే పని ఉండదు. పద్ధతి మార్చే ఆల్టర్ కమాండ్ కొట్టగానే ఆరు నోడ్లూ ఒకేసారి కంపాక్షన్ మొదలుపెడతాయి కాబట్టి శనివారం రాత్రి ఎంచుకున్నాం. రీడింగుల వంటి, వరసగా వచ్చే డేటాకే ఈ పద్ధతి. మధ్యమధ్యలో చేత్తో డిలీట్లు చేసేవాళ్లు, పాత తేదీల డేటా ఆలస్యంగా ఎక్కించేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ స్క్రిప్ట్ చేసే పని నోడ్‌టూలే చేసి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని.