డీప్‌స్టేట్ వార్ మ్యాప్: సునాబెడ నుంచి ఒక రివ్యూ

ఉక్రెయిన్ యుద్ధంలో ఎవరు గెలుస్తారని రోజూ వాదించుకునేవాళ్ళు ముందు టీవీ కట్టేసి, ఏ ఊరు ఎవరి చేతిలో ఉందో చూపించే ఈ డీప్‌స్టేట్ మ్యాప్ తెరవండి. ఫ్రీ, లాగిన్ గొడవ లేదు, ఫోన్ బ్రౌజర్లో వచ్చేస్తుంది, ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఉక్రెయిన్ కుర్రాళ్ళు నడుపుతున్నారు. నేనిచ్చేది 5కి 3.5. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో కింద చెప్తాను.

ఒడిశాలోని మా సునాబెడలో ఈ యుద్ధం ఎక్కడో జరిగే సంగతి కాదు. ఇక్కడి హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ 1960ల్లో పెట్టిందే రష్యావాళ్ళ మిగ్-21 యుద్ధవిమానాల ఇంజన్ల కోసం, ఇప్పుడు వాళ్ళదే సుఖోయ్-30కి ఇంజన్లు చేస్తోంది, 2024లో 240 ఇంజన్లకు 26 వేల కోట్ల పైచిలుకు ఆర్డరు కూడా వచ్చింది. దాంతో సెమిలిగుడలో టీ కొట్టు దగ్గర నలుగురు తెలుగువాళ్ళు చేరితే అందులో ముగ్గురు రష్యా పార్టీయే. ఆ ఫ్యాక్టరీలోనే రిటైరైన మా మావయ్యయితే "ఆళ్ళ ఇంజిను ఇప్పి బిగించినోణ్ణిరా, నాకు సెప్తావేటి" అంటాడు. మన ఏఎన్-32 విమానం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో డిజైన్ చేసిందేననీ, మన నేవీ ఓడల్లో కొన్నిటి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వేననీ అన్నానంటే ఆ పూట టీ డబ్బులు నా మీద పడ్డట్టే.

సరే, మ్యాప్ సంగతి. ఎరుపు రష్యా పట్టుకున్నది, పచ్చ ఉక్రెయిన్ వెనక్కి తెచ్చుకున్నది, మధ్యలో బూడిద రంగు ఎవరిదో తేలనిది. ఆ బూడిద రంగు మాకు ఎవరూ వివరించక్కర్లేదు. పొట్టంగి పక్కన కొఠియా ఊళ్ళు 21 ఉన్నాయి, ఒడిశా మావంటుంది, ఆంధ్రా మావంటుంది, 1968లోనే కేసు సుప్రీంకోర్టుకెక్కింది, అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. కాగితం మీద గీత ఎక్కడున్నా ఊళ్ళో పెత్తనం వేరే లెక్క. ఈ మ్యాప్ చేసేవాళ్ళు ఆ తేడా దాచరు. 2025 ఆగస్టులో తూర్పు ఉక్రెయిన్‌లోని దోబ్రోపిల్లియా దగ్గర రష్యన్లు చొచ్చుకొచ్చినప్పుడు, అవి చిన్న గుంపులేనని ఉక్రెయిన్ సైన్యం సర్దిచెబుతుంటే వీళ్ళు మాత్రం ఎంత లోపలికొచ్చారో గీసి పెట్టేశారు. సొంత సైన్యానికి నచ్చని గీత గీశారంటే నాకు నమ్మకం కుదిరింది.

నాకు బాగా పనికొచ్చింది పాత తేదీలకు వెళ్ళి చూసుకునే సౌకర్యం. తూర్పున దొనెత్స్క్ ప్రాంతంలో అవ్‌దీవ్‌కా ఊరు 2024 ఫిబ్రవరిలో రష్యా చేతికి పడిపోయింది. అక్కడ్నుంచి పోక్రోవ్స్క్ తిప్పికొడితే 45 కిలోమీటర్లు. ఆ ఊరు పట్టుకున్నామని రష్యా ప్రకటించింది 2025 డిసెంబరులో, అప్పటికీ ఉక్రెయిన్ ఒప్పుకోలేదు. "రష్యా దూసుకుపోతోంది" అని టీవీలో అరిచే యాంకర్ ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడాలి. నెమ్మదిగానైనా ముందుకే వస్తున్నారు కదా అంటాడు మావయ్య. అదీ నిజమే, 2023 వేసవిలో ఉక్రెయిన్ పెద్ద ఎదురుదాడికి దిగి దక్షిణాన రోబోతినే అనే ఊరు దాటి పెద్దగా పోలేకపోయింది.

ఇక కోతలు. రష్యా దళాల గుర్తులు ఎక్కడికక్కడ ఉంటాయి, ఉక్రెయిన్ దళాలవి ఉండవు. శత్రువుకి తెలియకూడదని అనుకోండి, కానీ చూసేవాడికి సగం లెక్కే దొరుకుతుంది. అసలు ఉక్రెయిన్‌కి పెద్ద బెంగ మనుషులే. సైన్యంలోకి పిలిచే వయసుని 2024 ఏప్రిల్‌లో 27 నుంచి 25కి దించారు, అయినా కందకాల్లో జనం పల్చగానే ఉన్నారు. రష్యా డబ్బు ఎర చూపి, జైళ్ళలోంచి తెచ్చి, తన సొంత నేల కుర్స్క్‌లో అయితే ఉత్తర కొరియా సైనికులని దింపి మరీ నెట్టుకొస్తోంది, దానికి తగ్గట్టే 2024 అక్టోబరులో రష్యాలో వడ్డీ రేటు 21 శాతానికి ఎక్కింది. ఇవేవీ రంగుల్లో కనబడవు.

సముద్రం ఇంకా అన్యాయం. చెప్పుకోదగ్గ నేవీయే లేని ఉక్రెయిన్ 2022 ఏప్రిల్‌లో రష్యా యుద్ధనౌక మాస్క్వాని ముంచింది, తర్వాత రష్యా నల్లసముద్రం నౌకాదళంలో చాలా భాగాన్ని క్రిమియాలోని సెవస్తపోల్ రేవు నుంచి తరిమింది, తన ఒడెసా రేవు నుంచి ధాన్యం ఓడలు మళ్ళీ కదిలాయి. ఈ యుద్ధంలో ఉక్రెయిన్ గెలుపుల్లో ఇది పెద్దదంటాను నేను, మ్యాపులో చూస్తే ఉత్త నీలం నీళ్ళు. రష్యా చమురు రిఫైనరీల మీద ఉక్రెయిన్ డ్రోన్ దాడులదీ అదే గతి.

ఇవన్నీ కలుపుకుంటే నా అంచనా ఇది: డ్రోన్ల దెబ్బకి ముందు వరసకి రెండు పక్కలా కిలోమీటర్ల లోతున ట్యాంకులు గుమికూడే వీలు లేదు కాబట్టి, దొనెత్స్క్‌లో రష్యా ఊరు ఊరు తింటూ పోగలదు గానీ ఈ నడకతో కీవ్‌దాకా రావడం కల్ల. ఉక్రెయిన్ పోయిన నేలంతా బలంతో తెచ్చుకోవడమూ ఇప్పట్లో అయ్యే పని కాదు, మనుషులూ, మీదికొచ్చే క్షిపణుల్ని కూల్చే అమెరికా పేట్రియాట్ క్షిపణులూ అందితే నిలబడగలదు. మావయ్య మొదటి సగం వినడు, కీవ్ వైపు మాట్లాడే మా బావ రెండో సగం వినడు.

వాడేవాళ్ళకి ఒక మాట. దీన్నొక్కదాన్నే పట్టుకోకండి, రష్యా పక్షం వాళ్ళ రైబార్ మ్యాప్ కూడా పక్కన తెరవండి, రెండూ ఊరు రష్యాదని చూపిస్తే అది పోయినట్టే. డేటా బాగానే తింటుంది, సాలూరు ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోతే సగం ఉక్రెయిన్ తెల్లగా ఆగిపోతుంది, కాబట్టి బస్సెక్కకముందే చూసుకోండి.