లాంకస్టర్‌లో ఆమిష్ ఇంటి భోజనం, పెద్ద బల్ల పక్కన చిన్న బల్ల

ఎడిసన్‌లో ఉన్న మావాడి దగ్గరికి వచ్చినప్పుడల్లా నయాగరా అనీ, న్యూయార్క్ అనీ తిప్పుతుంటాడు. ఈసారి ఆగస్టు చివర్లో నేనే అడిగాను, ఎక్కడైనా పొలాలు చూపించరా అని. రెండు గంటలు కారులో తీసుకెళ్లి పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీలో దింపాడు. ఆమిష్ అంటే కరెంటు లైను, సొంత కారు వద్దనుకుని పాత పద్ధతిలో బతికే ఒక క్రైస్తవ శాఖ. అక్కడ ఒక ఆమిష్ కుటుంబం ఇంట్లోనే రాత్రి భోజనం పెడుతుంది. ముందే చెబితే గుర్రబ్బండి మీద ఊరు కూడా తిప్పుతారు. పేరు, ఫొటో బయట పెట్టొద్దని వాళ్లు అడిగారు, అందుకే పెట్టడం లేదు. బర్డ్-ఇన్-హ్యాండ్ అనే ఊరి చుట్టుపక్కల ఇలా భోజనం పెట్టే ఇళ్లు ఉన్నాయి, లాడ్జిలో అడిగితే చెబుతారు.

బుకింగ్‌కి ఓపిక కావాలి. ఇంట్లో ఫోను ఉండదు. దొడ్డి చివర చిన్న చెక్కగదిలో ఉంటుంది. మెసేజ్ పెడితే రెండు రోజులకు బదులొచ్చింది. కార్డు తీసుకోరు, నగదే. మనిషికి 35 డాలర్లు, బండికి వేరే.

బండి తోలింది ఆ ఇంటి అబ్బాయి, పదిహేడేళ్లవాడు. పెళ్లయితేనే అక్కడ గడ్డం పెంచుతారు, వీడి మొహం నున్నగా ఉంది. బూడిద రంగు టాపు బండి, దారికి రెండు వైపులా మొక్కజొన్న. ఒక మలుపులో నేను ఆపమన్నాను. ఎదురుగా పొడుగాటి చెక్క షెడ్డు, గోడ పలకలు నిలువునా సందులు వదిలి తెరిచి ఉన్నాయి, లోపల కర్రలకు గుచ్చిన పొగాకు మొక్కలు తలకిందులుగా వేలాడుతున్నాయి. మాది ఒంగోలు వైపు, కొండపి దగ్గర పల్లె. నలభై ఏళ్లు పొగాకు వేసినవాణ్ణి. మనకు బ్యారన్‌లో కట్టెలు పెట్టి ఆకు కాలుస్తాం, వీళ్లు ఊరికే గాలికి ఆరబెడతారు. కానీ ఆ వాసన మాత్రం మా ఇంటి వాసనే. దిగి ఒక ఆకు పట్టుకుని చూస్తుంటే ఆ అబ్బాయి నవ్వాడు. వేళ్లకు అంటిన జిగురు ఎలా పోతుందో మేమిద్దరం చేతులతోనే మాట్లాడుకున్నాం.

దారిలో వాడి జేబులో సెల్‌ఫోన్ మోగింది. మాట్లాడి, ఇంటి గేటు కనపడగానే స్విచాఫ్ చేసి లోపల పెట్టుకున్నాడు. నాన్న ఏమీ అనరా అని మా మనవరాలు అడిగింది. నాన్నకు తెలుసు, ఎదురుగా తీయకపోతే చాలు అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రమ్‌స్ప్రింగా, అంటే బాప్తిస్మానికి ముందు పడుచు పిల్లలకు ఉండే సడలింపు కాలం గురించి యూట్యూబ్‌లో చూసి వెళ్లాం. పదహారు నిండగానే పిల్లల్ని ఒక ఏడాది నగరంలోకి వదిలేస్తారనీ, తాగి తిరిగి వస్తారనీ. అది నిజం కాదు. ఎక్కువమంది అమ్మానాన్నల దగ్గరే ఉండి పనికి వెళ్తారు, ఆదివారం రాత్రి పడుచువాళ్లంతా ఒక ఇంట్లో చేరి పాటలు పాడతారు, జతలు కుదిరేదీ అక్కడే. కొందరు జీన్స్ వేస్తారు, కొందరు కారు కొని షెడ్డు వెనక దాస్తారు. బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి చర్చి కట్టుబాటు ఇంకా వాళ్ల మీద లేదు, అంతే. చివరికి నూటికి ఎనభై మందికి పైగా చర్చిలోనే చేరతారు.

భోజనానికి వస్తే, చికెన్, నలిపిన బంగాళాదుంప, వెన్న మాడ్చి కలిపిన నూడుల్స్, చౌచౌ అనే పుల్లతీపి కూరగాయల ఊరగాయ, ఇంట్లో కాల్చిన రొట్టె, ఆపిల్ బటర్, చల్లటి పుదీనా టీ. చివర బెల్లంపాకం లాంటి మొలాసిస్‌తో చేసిన షూఫ్లై పై. కారం అనే మాట ఉండదు. మా ఆవిడ మాంసం తినదని ముందే చెప్పినా బీన్స్‌లో పంది మాంసం ముక్కలు వేశారు. మాకది ఇబ్బందే అయింది. ఇంటావిడ మొహం చిన్నబోయింది. వెంటనే పెరట్లోకి వెళ్లి టమాటాలు కోసుకొచ్చి, మొక్కజొన్న కండెలు ఉడకబెట్టి పెట్టింది. మీరు వెళ్తే ఒకటికి రెండుసార్లు చెప్పండి. తినేముందు, తిన్నాక తలలు వంచి మౌనంగా ప్రార్థన చేస్తారు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

చీకటి పడ్డాక చక్రాలున్న ఒక చెక్కపెట్టె తోసుకొచ్చారు. పెట్టె లోపల గ్యాస్ సిలిండరు, పైన దీపం. ఆ వెలుగులో మా మనవరాలి కన్ను బల్ల చివర పడింది. పెద్ద బల్ల పక్కనే ఒక చిన్న బల్ల ఉంది. రెండిటి మీదా ఒకటే గుడ్డ. కానీ గుడ్డ కింద రెండు బల్లల మధ్య జానెడు సందు ఉంది. ఎందుకని అడిగింది. రెండో కూతురు, పంతొమ్మిదేళ్లుంటాయి, దాచకుండా చెప్పింది, అక్క వస్తే కూర్చోవడానికి అని.

అక్క బాప్తిస్మం తీసుకున్న రెండేళ్లకు చర్చి వదిలి వెళ్లింది. బాప్తిస్మంలో చర్చికి మాట ఇచ్చి తప్పినవాళ్లకే మైడుంగ్, అంటే వెలి. మాట ఇవ్వకముందే వెళ్లిపోతే వెలి ఉండదు. అక్క ఇంటికి రావచ్చు, అమ్మ అన్నం పెడుతుంది, కానీ ఒకే బల్ల మీద తినకూడదు, అక్క చేత్తో ఇచ్చింది ఏదీ తీసుకోకూడదు. అక్క ఏదైనా తెస్తే బల్ల మీద పెడుతుంది, అమ్మ బల్ల మీంచి తీసుకుంటుంది. మా పల్లెలో కులకట్టు దాటినవాళ్లకు నీళ్లు ఎత్తి పోసిన రోజులు నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ సందు చూస్తుంటే నాకు ముద్ద దిగలేదు.

1693లో ఆమిష్‌లకు పేరొచ్చిన యాకోబ్ అమ్మాన్ అనే ఆయన తక్కినవాళ్ల నుంచి విడిపోయిన పెద్ద కారణాల్లో ఈ వెలి ఒకటి. దానికీ వెనక 1500ల్లో, పసిబిడ్డకు కాదు, బుద్ధి తెలిసినవాడికే బాప్తిస్మం ఇవ్వాలన్నందుకు వీళ్ల పూర్వీకుల్ని ఐరోపాలో నీళ్లలో ముంచి, మంటల్లో వేసి చంపారు. ఒంగోలు వాళ్లకు బాప్తిస్మం కొత్తేమీ కాదు, 1878లో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇక్కడ ముంచరు. బిషప్ దోసిట్లోకి నీళ్లు పోస్తే అవి మోకరించిన పిల్ల తల మీద పడతాయి.

ఆ అమ్మాయి ఈ వేసవంతా బాప్తిస్మం పాఠాలకు వెళ్తోంది. బాప్తిస్మానికి ముందురోజు పెద్దలు పిల్లల్ని కూర్చోబెట్టి, వద్దనుకుంటే ఇప్పుడే వెనక్కి వెళ్లిపోవచ్చు, మాట ఇచ్చి తప్పడం కన్నా ఇవ్వకపోవడమే మేలని చెబుతారట. నీకు భయం లేదా అని మా మనవరాలు అడిగింది. ఆ పిల్ల కాసేపు చేతిలో గిన్నె తుడుస్తూ ఉండి, అక్క బల్ల చూసినప్పుడల్లా ఉంటుంది అంది. పెరట్లో సెలరీ అనే కూర వరసలు వరసలుగా ఎందుకుందో మా ఆవిడ కనిపెట్టింది. నవంబరు పెళ్లిళ్లకు సెలరీ లేకుండా జరగదు. బాప్తిస్మం లేకపోతే చర్చిలో పెళ్లి లేదు. ఈ పిల్లకు పెళ్లా అంటే, ఇంటావిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

అక్కడి పిల్లలకు చదువు ఎనిమిదో క్లాసుతో సరి. విస్కాన్సిన్‌లో పిల్లల్ని హైస్కూలుకి పంపనందుకు ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్లు జరిమానా వేస్తే, 1972లో సుప్రీంకోర్టు తండ్రుల పక్షాన తీర్పు ఇచ్చింది. డగ్లస్ అనే జడ్జి ఒక్కరే, పిల్లల్ని కూడా అడగాలి కదా అని పాక్షికంగా విభేదించారు. ఈ సంగతి కారులో మావాడు చెప్పాడు. వెనక్కి వెళ్లిపోవచ్చని చెప్పడం గొప్పే. కానీ ఎనిమిదో క్లాసు చదువుతో, అమ్మ బల్ల పోగొట్టుకుని ఎక్కడికి వెళ్తుంది ఆ పిల్ల? నా మనసు రెండు వైపులా లాగింది, ఇంకా లాగుతోంది.

నా కూతుర్ని ఇంటర్ అయ్యాక నేనే మాన్పించాను. పొగాకు ధర పడిపోయిన ఏడాది అది, సంబంధం వచ్చింది, చేసేశాను. డిగ్రీ చదువుతానని అది వాళ్లమ్మతో అంది, నాతో అనలేదు.

మీరు వెళ్లండి. తిండి కోసమైతే ఇంకెక్కడైనా దొరుకుతుంది, ఆ బల్ల దగ్గర గంటసేపు కూర్చోవడానికి వెళ్లండి. పిల్లలు పదిహేను దాటినవాళ్లయితే తప్పకుండా తీసుకెళ్లండి. కెమెరా కారులోనే వదిలేయండి. ఆదివారం భోజనం పెట్టరు.

తిరుగు దారిలో మనవరాలు అడిగింది, తాతయ్యా, నువ్వు అత్తని అడిగావా, అని. లేదమ్మా అన్నాను. రాత్రి తొమ్మిదయింది, ఒంగోలులో తెల్లవారి ఉంటుంది. ఫోన్ చేశాను. పిల్లాడికి క్యారేజీ కడుతున్నా నాన్నా, మళ్లీ చేస్తా అంది.