పోర్టు పెంచాలంటే ఏది మేలు: ఏటి వైపు తవ్వడమా, సముద్రం పూడ్చడమా?

నెల్లూరు జిల్లా ముత్తుకూరులో టీ కొట్టు దగ్గర ఈ వాదన మొదలైతే ఒక పట్టాన తెమలదు. పక్కనున్న కృష్ణపట్నం పోర్టు పెరగాలి, పిల్లోళ్ళకి పనులు రావాలి, దాంట్లో రెండో మాట లేదు, కానీ ఎటు పెరగాలి? కండలేరు ఉప్పుటేటి లోపలికి ఇంకా తవ్వి ఓడలు ఆగే బెర్తులు కట్టమంటారు కొందరు, అసలు ఊళ్ళ జోలికే రావద్దు సముద్రంలోనే ఇసుక పోసుకుని భూమి చేసుకోండి అంటారు ఇంకొందరు.

రెండోది వినడానికి బాగుంటది. ఎవరి పొలమూ పోదు కదా. రోటర్‌డామ్‌లో 2008 నుంచి 2013 లోపల సుమారు 24 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక పోసి 2,000 హెక్టార్ల దాకా పోర్టు పెంచారు. మహారాష్ట్రలో వాఢవన్ పోర్టుకి 1,448 హెక్టార్లు పూడ్చే ప్లాన్‌కి 2024లో కేంద్ర కేబినెట్ సరేనంది.

కానీ మన ఒడ్డున ఇసుక ఒక చోట నిలవదు. నైరుతి ఉన్నన్ని నెలలూ కెరటం దాన్ని ఉత్తరానికి తోస్తా ఉంటది, ఈశాన్యం రోజుల్లో కొంత వెనక్కి వచ్చినా ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దానికి అడ్డంగా రాళ్ళ కట్ట పడిందంటే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. చెన్నై హార్బర్ గోడలు లేచాక మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డుని సముద్రం తినేసింది. విశాఖలో ఆర్కే బీచ్‌కి సముద్రం అడుగు నుంచి తోడిన డ్రెడ్జింగ్ ఇసుక తెచ్చి పోయాల్సి వస్తోంది. కృష్ణపట్నానికీ కట్టలున్నాయి, నిజమే, కానీ పూడ్చుకుంటా ముందుకి పోయేకొద్దీ ఆ అడ్డం ఇంకా పెరిగిద్ది. మనకి పైన కొత్త పోర్టు వస్తున్న రామాయపట్నానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళోళ్ళు ఇప్పట్నించే ఏటేటా ఒడ్డు కొలిచి రాసి పెట్టుకోవాలి.

పైగా పొలానికైతే పాసుబుక్కు ఉంటది, పడవ లాక్కునే ఇసుకకి, వల ఆరేసుకునే జాగాకి ఏముంది? అది పోతే ఏ కాగితం చూపించి నష్టపరిహారం అడగాలి?

ఇక లోపలికి తవ్వడం. 2008లో మొదలైన మన పోర్టు పెరిగింది ఈ దారిలోనే. ఏటి లోపల కెరటం పోటు తక్కువ, తవ్విన మట్టితోనే పల్లపు నేల ఎత్తు చేసుకోవచ్చు. ఇబ్బందల్లా ఆ మట్టితోనే. ఇసుకైతే నీళ్ళు దిగిపోయి గట్టిపడిద్ది, ఏటి అడుగు నల్ల బంకమట్టి అట్లా కాదు, పైన ఎండి పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంటది, గట్టిగుందని కాలేస్తే పెచ్చు విరిగి మోకాలి దాకా దిగిపోద్ది. దాంట్లో నిలువు డ్రెయిన్లు దించి, పైన బరువేసి, నెలల తరబడి నీళ్ళు పిండితే గానీ సరుకు దించే యార్డుకి పనికిరాదు. అంతకన్నా పెద్ద భయం ఉప్పు. ఉప్పునీటితో వచ్చిన మట్టిని గట్టూ కాలవా లేకుండా పోస్తే పక్క బోర్లు పాడవుతాయి, మళ్ళీ తాగే నీళ్ళు రావాలంటే ఏళ్ళు పట్టిద్ది.

అయినా నా ఓటు తవ్వడానికే. ఉప్పు దిగకుండా చుట్టూ గట్టు, కాలవ ముందే కట్టొచ్చు, మడచెట్ల జోలికి పోకుండా గీత గీయొచ్చు, కానీ కోసుకుపోయిన ఒడ్డుని నిలబెట్టాలంటే ప్రతి ఏడాదీ ఇసుక పోస్తానే ఉండాలి. పెద్ద బొగ్గు షిప్పులకి 18 మీటర్ల లోతు కావాలంటే ఓడలొచ్చే ఛానల్లో పూడిక ఎటూ తీస్తానే ఉండాలి, ఆ ఇసుకని నడిసముద్రంలో పారబోయకుండా ఉత్తరపు ఒడ్డుకి పోయమనండి. ప్రజాభిప్రాయ సేకరణకి పోయినోళ్ళు ఉద్యోగాలెన్ని అని అడగడంతో ఆగొద్దు, తవ్వేదాంట్లో ఇసుకెంత, బంకెంత, ఏది ఏ సర్వే నంబర్లో పోస్తారు అని అడిగి మినిట్స్‌లో రాయించండి.