రెవిట్‌తో క్వాంటిటీ టేకాఫ్: కాంక్రీటుకు నమ్మొచ్చు, ప్లాస్టరింగ్‌కు లెక్క విడిగా వేయాలి

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్లకు డ్రాయింగులతో పాటు రెవిట్ (భవనాన్ని త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్) మోడల్ కూడా చేతికొస్తోంది. మోడల్ ఉంది కదా, బీవోక్యూ (పనుల పరిమాణాల జాబితా) అందులోంచే తీసేద్దాం అన్న మాట ఆ వెంటనే వస్తుంది. తీయొచ్చు. కాకపోతే రెవిట్ ఇచ్చేది ఆకారం కొలత, కాంట్రాక్టరుకు మనం బిల్లు కట్టేది ఐఎస్ 1200 (కట్టడపు పనుల కొలతకు భారతీయ ప్రమాణం) కొలత. కాంక్రీటులో ఈ రెండూ దాదాపు కలుస్తాయి. ప్లాస్టరింగ్‌లో విడిపోతాయి. స్టీలు సంగతి మోడల్ ఎంత వివరంగా గీశారన్న దాని మీద ఉంటుంది. కాబట్టి ఐటం వారీగా చూడకుండా ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచిదనో చెడ్డదనో తేల్చడం కుదరదు.

ముందు కాంక్రీటు. రెవిట్ సత్తా కనిపించేది ఇక్కడే, పెద్ద తప్పు జరిగేదీ ఇక్కడే. 230 × 600 మిల్లీమీటర్ల బీము, రెండు కాలమ్ ముఖాల మధ్య 5 మీటర్లు, పైన 150 మిల్లీమీటర్ల స్లాబు అనుకోండి. మన పద్ధతిలో స్లాబును పూర్తిగా కొలిచి, బీమును స్లాబు కింది నుంచి కొలుస్తాం: 0.23 × 0.45 × 5 = 0.5175 క్యూబిక్ మీటర్లు. మోడల్‌లో బీమూ స్లాబూ జాయిన్ కాకుండా ఉంటే బీముకు పూర్తి లోతు పడి 0.69 వస్తుంది, స్లాబు వాల్యూమ్ మళ్లీ వేరే వస్తుంది. అంతస్తుకు 300 మీటర్ల బీములుంటే ఇలా రెండుసార్లు పడేది 10.35 క్యూబిక్ మీటర్లు. 6 క్యూబిక్ మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు దాదాపు రెండు. ఇరవై అంతస్తులకు ఆర్డరు పెట్టేటప్పుడు ఇది చిన్న సంగతి కాదు.

దీనికి మందు జాయిన్ జామెట్రీ. జాయిన్ చేశాక రెండూ కలిసే భాగాన్ని ఒకదానికే ఉంచి రెండోదాని నుంచి తీసేస్తుంది. అది స్లాబుకే మిగిలిందో లేదో ఒక బీము వాల్యూమ్ చేతితో వేసి చూడాలి, తిరగబడితే స్విచ్ జాయిన్ ఆర్డర్‌తో సరిచేయాలి. మొత్తం కాంక్రీటు అటూ ఇటూ ఒకటే వస్తుంది కదా అని వదిలేయకూడదు. బీముకూ స్లాబుకూ రేట్లు వేరైనప్పుడు, కాలమ్‌కు ఎం40, స్లాబుకు ఎం30 అని గ్రేడ్లు వేరైనప్పుడు ఏ ముక్క ఎవరికి పోయిందన్నదే డబ్బు.

కాలమ్‌ల దగ్గర ఇంకో చిక్కుంది. మోడల్ త్వరగా అయిపోవాలని ఫౌండేషన్ నుంచి టెర్రస్ దాకా ఒకే కాలమ్‌గా గీస్తుంటారు. షెడ్యూల్లో (మోడల్ నుంచి రెవిట్ తీసే పట్టికలో) ఆ వాల్యూమ్ అంతా బేస్ లెవెల్ ఖాతాలో పడుతుంది. మూడో స్లాబు దాకా అయిన పనికి కట్టే రన్నింగ్ బిల్లుకు ఆ అంకె దేనికీ పనికిరాదు. ప్రతి లెవెల్ దగ్గరా కాలమ్‌ను విడగొట్టి గీయించుకోవాలి, షియర్ వాల్స్‌కూ (ఆర్‌సీసీ గోడలు) అంతే. పెద్ద స్లాబును రెండు మూడు పోర్లుగా (విడతలుగా) వేస్తుంటే క్రియేట్ పార్ట్స్, డివైడ్ పార్ట్స్ వాడి పోరు వారీ వాల్యూమ్ తీయొచ్చు. ఇది చాలా బాగా పనిచేస్తుంది.

షెడ్యూల్ తెరిచే ముందు మేనేజ్ ట్యాబ్‌లో వార్నింగులు చూడటం తప్పనిసరి. ఒకే చోట ఒకేలాంటి రెండు ఎలిమెంట్లు ఉన్నాయి, షెడ్యూళ్లలో రెండుసార్లు లెక్క పడుతుంది అని రెవిట్ తానే చెబుతుంది. కాపీ పేస్ట్‌తో అంతస్తులు లేపిన మోడళ్లలో ఈ హెచ్చరిక తరచూ కనిపిస్తుంది. ఆర్కిటెక్చర్ మోడల్‌లో ఒక కాలమ్, లింకు చేసిన స్ట్రక్చర్ మోడల్‌లో అదే కాలమ్ ఉండి, లింకుల్లోని ఎలిమెంట్లను కూడా కలిపే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మాత్రం కాలమ్‌లు రెట్టింపవుతాయి. మెట్లకు మామూలు షెడ్యూల్లో వాల్యూమ్ దొరకదు, మెటీరియల్ టేకాఫ్ (పదార్థం వారీ పట్టిక) తీసుకోవాలి. స్లాబు, బెడ్డింగ్, టైలు మూడూ ఒకే ఫ్లోర్ టైపులో పొరలుగా పెట్టి ఉంటే అక్కడా మెటీరియల్ టేకాఫే దారి. లేదంటే టైలు మందం కూడా ఆర్‌సీసీలో కలిసిపోతుంది.

సెంట్రింగ్ కొలత రెవిట్ నేరుగా ఇవ్వదు. షెడ్యూల్లో ఫార్ములా వేసుకోవాలి. పైన చెప్పిన బీముకే చూస్తే రెండు పక్కలు 0.45 చొప్పున, అడుగు 0.23, మీటరుకు 1.13 చదరపు మీటర్లు. ఇక్కడ లెంగ్త్ అనే ఫీల్డు తీసుకోకండి, కట్ లెంగ్త్ తీసుకోండి. మొదటిది కాలమ్ మధ్య నుంచి మధ్యకు వెళ్తుంది. బీము వెడల్పు, లోతు ఫ్యామిలీలో (ఎలిమెంటు నమూనా ఫైలులో) షేర్డ్ పారామీటర్లుగా లేకపోతే షెడ్యూల్లోకే రావు. మోడల్ మొదలుపెట్టే రోజే చూసుకోవాల్సిన పని ఇది. సగం గీశాక మార్చాలంటే ఫ్యామిలీలన్నీ తెరవాల్సి వస్తుంది.

బ్లాక్ వర్క్‌లో రెవిట్ అంకె ఎప్పుడు తేడా వచ్చినా ముందు గోడ పైకొస చూడండి. గోడను పై లెవెల్ దాకా లాగి వదిలేస్తే 5 మీటర్ల గోడ, 3 మీటర్ల అంతస్తుకు 15 చదరపు మీటర్లు చూపిస్తుంది. పైన 600 బీము ఉంది కాబట్టి మేస్త్రీ కట్టేది 12. గోడ టాప్ ఆఫ్‌సెట్ మైనస్ 600 పెడితే సరిపోతుంది. లింటెల్ బ్యాండ్లు, సిల్ బ్యాండ్లు చాలా మోడళ్లలో ఉండవు. అప్పుడు బ్లాకులు ఎక్కువ, కాంక్రీటు తక్కువ చూపిస్తుంది.

ఇక ప్లాస్టరింగ్. ఇందులో రెవిట్ గోడ ఏరియాను నేరుగా బిల్లులో పెట్టడం కాంట్రాక్టరుకు అన్యాయం. రెవిట్ ప్రతి ఓపెనింగునూ పూర్తిగా తీసేస్తుంది. ఐఎస్ 1200 అలా చెప్పదు. 0.5 చదరపు మీటరు దాకా ఓపెనింగుకు తగ్గింపే లేదు. 0.5 నుంచి 3 దాకా, రెండు వైపులా ఒకే రకం ప్లాస్టరు అయితే ఒక ముఖానికే తగ్గిస్తారు, జాంబులకు (ఓపెనింగు పక్క అంచులకు) విడిగా ఇవ్వరు. 3 దాటితే రెండు ముఖాలకూ తగ్గించి జాంబులు, సాఫిట్లు (పై అంచులు), సిల్లులు (కింది అంచులు) కలుపుతారు. 1.0 × 2.1 లోపలి తలుపునే చూడండి. మోడల్ రెండు వైపులా కలిపి 4.2 తీసేస్తుంది, నిబంధన ప్రకారం పోవాల్సింది 2.1. వంద ఫ్లాట్లు, ఫ్లాటుకు ఎనిమిది తలుపులు అంటే 1680 చదరపు మీటర్ల పని కాగితం మీద కనబడకుండా పోతుంది. బయటి గోడ కిటికీలకు లోపల 12 మిల్లీమీటర్లు, బయట రెండు పూతలు అని ప్లాస్టర్లు వేరు కాబట్టి నియమం మళ్లీ మారుతుంది: ఏ వైపు రివీల్ (చట్రం నుంచి గోడ ముఖం దాకా ఉన్న వెడల్పు) తక్కువో ఆ వైపు నుంచే తగ్గింపు, రెండు వైపులా సమానమైతే చెరి సగం.

సరిగ్గా పనిచేసే దారి ఒకటుంది. రూమ్ షెడ్యూల్ నుంచి చుట్టుకొలత × ఎత్తు తీసుకుని స్థూల ఏరియా వేసుకోండి. డోర్ షెడ్యూల్లో ఫ్రమ్ రూమ్, టు రూమ్ ఫీల్డులు పెట్టి, ఓపెనింగ్ సైజును బట్టి తగ్గింపును ఇఫ్ ఫార్ములాతో లెక్కించండి. పోల్చే అంకెకు చదరపు మీటరు యూనిట్ రాయకపోతే యూనిట్లు పొసగడం లేదని ఫార్ములాను తిప్పికొడుతుంది. స్లాబు కిందికి దిగిన బీము పక్కలు ఈ లెక్కలోకి రావు, విడిగా కలపాలి. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో గోడలు పోసే ప్రాజెక్టుల్లో లోపలి ప్లాస్టరింగ్ చాలావరకు ఉండదు కాబట్టి ఈ గొడవ అంతగా లేదు. అలాంటి టవర్లకు రెవిట్ క్వాంటిటీలు చక్కగా కుదురుతాయి.

స్టీలుకు బార్ బెండింగ్ షెడ్యూల్‌నే (ప్రతి బారు పొడవు, వంపు రాసే పట్టిక) నమ్మండి. రెవిట్‌లో రీబార్ గీయొచ్చు, కానీ ల్యాపులు (రెండు బార్లు ఒకదానిపై ఒకటి కలిసే పొడవు) గీస్తేనే లెక్కలోకి వస్తాయి. 16 ఎంఎం కాలమ్ బారుకు ల్యాపు 50డీ (బారు వ్యాసానికి 50 రెట్లు) అనుకుంటే 0.8 మీటరు. 3 మీటర్ల అంతస్తుకు కావాల్సింది 3.8 మీటర్ల బారు. ల్యాపు గీయని మోడల్ ప్రతి బారుకూ 1.26 కిలోలు తక్కువ చెబుతుంది, అంటే కావాల్సిన దాంట్లో 21 శాతం. పైగా టవర్ మొత్తానికి బార్లు గీస్తే ఫైలు కదలదు. రద్దీగా ఉండే బీము-కాలమ్ జంక్షన్లకు మాత్రం గీయించుకుంటే మేలు.

తవ్వకం గురించి క్లుప్తంగా. రెవిట్ 2024లో వచ్చిన టోపోసాలిడ్‌తో (నేలను ఘనాకారంగా గీసే ఎలిమెంట్) వాల్యూమ్ తీయడం తేలికైంది. అయితే మన నగరం కూర్చున్నది గ్రానైటు మీద. సెల్లార్లకు తవ్వితే మట్టి ఎక్కడ ఆగిందో, మొరం ఎక్కడ ఆగి రాయి ఎక్కడ మొదలైందో మోడల్‌కు తెలియదు, రేటు మారేదేమో అక్కడే. ప్రతి పొర బయటపడ్డప్పుడు టోటల్ స్టేషన్‌తో (సర్వే పరికరం) లెవెల్స్ తీసి ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితమే బిల్లుకు ఆధారం.

తలుపులు, కిటికీలు, శానిటరీ ఫిట్టింగుల లెక్కలో ఈ సాఫ్ట్‌వేర్‌కు వంక పెట్టలేం. డిజైన్ మారిన వెంటనే షెడ్యూలూ మారుతుంది. కాంట్రాక్టరు ఈ అంకెలో ఏ బీము ఉంది అని అడిగితే, షెడ్యూల్లో ఆ వరుస ఎంచుకుని హైలైట్ ఇన్ మోడల్ నొక్కితే అదే బీము కళ్ల ముందుకొస్తుంది. ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు తిరగేస్తూ వాదించుకునే గంటలు దీంతో మిగులుతాయి. నా దృష్టిలో సబ్‌స్క్రిప్షన్ డబ్బులకు అసలు ప్రతిఫలం ఇదే.

ఎక్సెల్‌లోకి పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. షెడ్యూల్ టెక్స్ట్ ఫైలుగా వెళ్తుంది, తెర మీద ఎన్ని దశాంశాలు కనిపిస్తే అన్నే పోతాయి. ముందే మూడు దశాంశాలు పెట్టండి. యూనిట్ గుర్తు తీసేయండి, లేకపోతే ఎక్సెల్ ఆ గడిని అంకెగా కాక అక్షరాలుగా చూస్తుంది, మొత్తం సున్నా వస్తుంది.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో విదేశీ ప్రాజెక్టులకు మోడళ్లు చేసేవారు చాలామంది ఉన్నారు. చేయి చురుకే, కానీ అలవాటైన టెంప్లేటు మన కొలత పద్ధతిది కాకపోవచ్చు. పని ఇచ్చే ముందు ఒకే ఒక్క బే (నాలుగు కాలమ్‌ల మధ్య భాగం) మోడల్ చేయించి, అందులోని కాంక్రీటు, బ్లాక్ వర్క్ చేతితో వేసి సరిపోల్చండి. వర్క్ ఆర్డర్లో కూడా ఇవి రాయాలి: కాలమ్‌లు అంతస్తు వారీ, స్లాబే బీమును కోయాలి, గోడలు బీము అడుగు దాకానే, రెవిట్ వెర్షన్ ఇది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు, కాబట్టి ఆ చివరి మాట మరిచిపోవద్దు.

మణికొండలో జీ ప్లస్ టూ ఇల్లు కట్టేవారికి ఇది అక్కర్లేదు, డ్రాయింగూ ఎక్సెలూ చాలు. టిపికల్ ఫ్లోర్లు పది దాటి, డిజైన్ మధ్యలో మారే అవకాశముండి, ఐఎస్ 1200 చదివిన క్యూఎస్ (క్వాంటిటీ సర్వేయర్) ఒకరు మోడలర్ పక్కన కూర్చోగలిగితే తప్పకుండా తీసుకోండి. ఆ క్యూఎస్ లేకపోతే లైసెన్స్ కొనేముందు ఆయన్ని వెతకండి.