ఇంటి గర్భ పరీక్ష కార్డు: ఏళ్ల తరబడి వాడించిన ఆశా కార్యకర్త సమీక్ష

గుంటూరు పాత పట్టణంలో ఆశా కార్యకర్తగా పనిచేస్తూ, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ‘నిశ్చయ్’ కిట్టునూ, మందుల షాపుల్లో అమ్మే అదే తరహా కార్డులనూ ఎన్నో ఏళ్లుగా ఇంటింటా వాడిస్తున్నాను. నా రెండు కాన్పులకు ముందు నేనూ వాటితోనే పరీక్ష చేసుకున్నాను. నెల తప్పిన తరువాత పద్ధతి ప్రకారం వాడితే ఈ కార్డును నిస్సందేహంగా నమ్మవచ్చు. అయితే అది జవాబు చెప్పేది ఒక్క ప్రశ్నకే. డాక్టరు గారు మొదట అడిగేది వేరే ప్రశ్న.

పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక తయారయ్యే హెచ్‌సీజీ అనే హార్మోను మూత్రంలో ఉందో లేదో మాత్రమే కార్డు చూపుతుంది. తొలి వారాల్లో ఈ హార్మోను రెండు మూడు రోజులకొకసారి ఇంచుమించు రెట్టింపవుతుంది కనుక, నెల తప్పకముందే ఆత్రపడి చేస్తే గర్భం ఉన్నా ఒకే గీత రావచ్చు. అలాంటప్పుడు వారం ఆగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో మళ్లీ చేయడం మంచిది. కవరులోనే ఉండే చిన్న డ్రాపరుతో రెండు మూడు చుక్కలు గుంటలో వేసి, కార్డును కదపకుండా అయిదు నిమిషాలు ఉంచాలి. ‘సి’ అన్నచోట గీత రాకపోతే ఆ కార్డు పనికిరాదు. ‘టి’ దగ్గర గీత లేతగా వచ్చినా, సమయంలోగా వచ్చిందంటే గర్భమనే భావించాలి. గంట తరువాత చూసి గీత కనిపించిందనడం లెక్కలోకి రాదు. ఇటీవలే గర్భస్రావమైన వారికి కొన్ని వారాలపాటు రెండు గీతలు రావచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈ కార్డులన్నిటికీ వేడి పడదు. సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమని కవరు మీద రాసి ఉంటుంది. మే నెలలో మన ఊళ్లో 40 దాటే ఎండలో సంచిలో వేసుకుని తిరిగితే ఫలితం మీద నమ్మకం పెట్టుకోలేం. ఇంట్లో చల్లని, పొడిగా ఉన్న చోట ఉంచాలి, కవరును పరీక్ష చేసే నిమిషంలోనే చించాలి.

కార్డు దాకా రావాలంటే ముందు అనుమానం రావాలి కదా, అక్కడే ఆలస్యం జరుగుతోంది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒక అమ్మాయి, వికారమూ తలతిప్పటమూ మిరప ఘాటు వల్లేననుకుని రెండు నెలలు గడిపింది. చంటిబిడ్డకు పాలిస్తున్నందున ఇంకా నెలసరి రాలేదు, ఇక తప్పేదేముందని ఆమె ధీమా. పాలిస్తున్నంత మాత్రాన గర్భం రాదన్న భరోసా లేదు: బిడ్డకు ఆరు నెలలు నిండినా, పైపాలు మొదలుపెట్టినా ఆ రక్షణ సడలిపోతుంది. రొమ్ములు సలపడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, చెప్పలేనంత నీరసం, ఇష్టమైన కూర వాసనకే కడుపులో తిప్పడం వంటి వాటిలో ఏ రెండు కలిసి కనిపించినా పరీక్ష చేసుకోవడం మేలు. వేవిళ్లు లేనంత మాత్రాన గర్భం కాదనుకోవడం కూడా పొరపాటే, కొందరికి అవి అసలు రావు.

ఇక డాక్టరు గారి ప్రశ్న: చివరి నెలసరి మొదలైన తేదీ ఏది? దీనికి కార్డు ఏమీ చెప్పలేదు. నేను అడిగితే చాలామంది, “చవితి మరునాడు తలస్నానం చేశానక్కా” అంటారు. తలస్నానం చేసేది నాలుగో రోజో అయిదో రోజో కాబట్టి లెక్క అక్కడే జారిపోతుంది. అందుకే నేను “దేవుడి దగ్గర దీపం పెట్టడం ఏ రోజు మానావమ్మా?” అని అడుగుతాను. ముస్లిం ఇళ్లలో, అది రంజాన్ నెల అయితే, రోజా ఏ రోజు ఆపారో అడుగుతాను. తొలి రోజు సరిగ్గా దొరుకుతుంది. ఆ తేదీకి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ అంచనాకు వస్తుంది: జనవరి 10 అయితే అక్టోబరు 17. ఇది 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవారి లెక్క. 35, 40 రోజులకు వచ్చేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వంటింటి క్యాలెండరులో ప్రతి నెలా ఆ తేదీకి సున్నా చుట్టే అలవాటు ఉన్న కోడళ్లను చూస్తే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది.

పెద్దాసుపత్రికి వెళ్లినా, కొత్తపేటలో ప్రైవేటు డాక్టరు దగ్గరకు వెళ్లినా 12 వారాల లోపు తొలిసారి చూపించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. వాడుతున్న మందుల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లండి. మూర్ఛకో, బీపీకో, మొటిమలకో వాడే కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయి, కానీ మూర్ఛ మందును మీ అంతట మీరు మానితే అంతకన్నా ప్రమాదం. మేనరికం పెళ్లి అయితే దాచవద్దు. పాత కాన్పుల కాగితాలు, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అన్న వివరం కూడా కావాలి. బరువు, బీపీ చూసి, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, కామెర్ల పరీక్షలకు రక్తం తీస్తారు. షుగరు పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగి రెండు గంటలు కూర్చోవాలి, తీరిక చేసుకుని వెళ్లండి. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనతే. ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం అనుకుంటున్నప్పటి నుంచే మొదలుపెట్టగలిగితే బిడ్డ వెన్నుపాముకు మంచిది.

కార్డు చూపలేని మరో విషయం ఉంది. గర్భం గర్భసంచిలో ఉన్నా, దారితప్పి అండం వచ్చే ట్యూబులో ఉన్నా గీతలు రెండే. రెండు గీతలు వచ్చాక పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే డాక్టరుకు తొలిసారి చూపించుకునే తేదీ కోసం ఎదురుచూడకూడదు. అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి, స్కానింగ్, ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ అడగకపోయినా పరీక్ష చేసుకున్న తేదీ, నెలసరి తేదీ రెండూ చెప్పాలి.